కిటికీ మూత

నాకు దిగులు పుట్టుకతో వచ్చిన జబ్బు. పడుగు ఆరకముందే వాన వస్తుందేమోనని, ఆరిపోయాక ఈ ఏడు వానలే లేవేమోనని దిగులుపడే రకం. మా నాయన నవ్వుతూ, "వీడు పెండ్లి పందిట్లో కూచున్నా పందిరి పడిపోతాదేమోనని పైకే చూస్తాంటాడప్పా" అనేవాడు. ఇంత దిగులుమనిషిని, నిజంగా దిగులుపడాల్సిన చోట మాత్రం దిగులు మానేసి తెలివి చూపించాను. ఆ తెలివి ఏం చేసిందో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను. మా వీధిలో అందరి మాటా తెలుగే గాని, తెలుగు అక్షరం రాయగలిగినవాళ్ళం ఇద్దరమో ముగ్గురమో. నేను రాయకపోతే ఇది నాతోనే పోతుంది.

అరవదేశంలో, వేలూరుకు దగ్గరగా ఉండే గుడియాత్తంలో మా నేతవాళ్ళ వీధిని చూసిన కొత్తవాళ్ళు మెచ్చుకోకుండా ఉండరు. బండ్లు రెండు పక్కపక్కన పోయేంత వెడల్పు, ఈ కొసన నిలబడితే ఆ కొసన మనిషి చీమంత కనపడేంత పొడుగు, ఎక్కడా వంకర లేదు. అది అందం కోసం వేసింది కాదు, పడుగు కోసం. పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు నూలు. దాన్ని ఎండ ముదరకముందు వీధి పొడుగునా సాచి, వెదురు కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి, ఇటు ఇద్దరు అటు ఇద్దరు నడుస్తూ పెద్ద కుంచెలతో దువ్వాలి. ఒక ఇంటి పడుగుకు నాలుగిళ్ళ చేతులు కావాలి. ఇవాళ మీ పడుగుకు మేము, రేపు మా పడుగుకు మీరు. అదే మా వీధి కట్టుబాటు.

వీధి అంత ఉదారంగా ఉంటే ఇళ్ళు మాత్రం ఊపిరి బిగబట్టినట్టు ఉండేవి. ఒకరి గోడే పక్కవాళ్ళ గోడ. ముందు తిన్నె, తలుపు, తలుపు దాటితే మగ్గం గది, దాని వెనక చీకటి వంటిల్లు. అంతే. వెనక ఒకప్పుడు మనిషి నడిచే సందు ఉండేదట. మా తాత కాలంలో ఒకరు వంటిల్లు రెండు మూరలు వెనక్కి జరిపారు, ఆయన్ని చూసి ఇంకొకరు, అవతలి వీధివాళ్ళు అటు నుంచి ఇంకొంచెం. నేను పుట్టేనాటికి రెండు వీధుల ఇళ్ళూ వీపులు ఆనించుకుని కూర్చున్నాయి.

కిటికీ అన్నదే మా ఇళ్ళకు లేదు. లేకపోవడానికి కారణం ఉంది. నేతవాడు కాళ్ళు పెట్టుకు కూర్చునే మగ్గం గుంతలో చెమ్మ ఉంటేనే నూలు మెత్తగా మాట వింటుంది. ఎండుగాలి తగిలిందా, గంజి పట్టిన పోగు పెళుసై పుటుక్కున తెగుతుంది. తెగిన ప్రతి పోగుకూ ముడి వేయాలి. ముడులున్న బట్టను, మాకు నూలిచ్చి బట్ట తీసుకునే షావుకారు వేలితో తడిమి చూసి పక్కకు విసిరేస్తాడు. అందుకని నేతవాడు గాలిని దొంగను చూసినట్టు చూస్తాడు. తలుపు సందులో కూడా గోనెపట్ట కుక్కే ఇళ్ళు ఉండేవి మా వీధిలో.

నాకు పదేళ్ళప్పుడు మా అమ్మ దగ్గి దగ్గి పోయింది. దాన్ని మావాళ్ళు మగ్గం దగ్గు అనేవాళ్ళు. కుమ్మరి చేతికి మట్టి అంటినట్టు నేతవాడి ఛాతీకి దగ్గు అంటుతుందని, అది కులంతో పాటు వచ్చిందని అనుకునేవాళ్ళం. ఎవరూ దాన్ని ఇంటితో ముడిపెట్టలేదు. నేనూ పెట్టలేదు.

ప్లేగు భయం వచ్చిపోయిన తరువాత మునిసిపాలిటీకి మెలకువ వచ్చింది. మురికి కాలవలకు రాళ్ళు పరిచారు, గోడలకు సున్నం కొట్టించారు, ఆ తరువాత మా వీధికి ఒక సానిటరీ ఇన్‌స్పెక్టరును పంపారు. సన్నటి అరవ మనిషి, సైకిలు మీద వచ్చేవాడు, ఎంత ఎండైనా కోటు విప్పేవాడు కాదు. మా తిన్నె మీదే కూర్చుని ఒక పెద్ద కాగితం పరిచాడు. అందులో మా ఊరంతా గీతలు. మా వీధి చూపించి అరవంలో అన్న మాట ఇప్పటికీ జ్ఞాపకం: మీ వీధికి ముఖం ఉంది, వీపు లేదు, గాలి ఇటు నుంచి వస్తే అటు పోవడానికి దారి ఏది? వెనక సందును మళ్ళీ తెరుస్తున్నామనీ, ప్రతి మగ్గం గదికీ సందు వైపు ఒక జన్నల్ పెట్టాలనీ, పెట్టనివాళ్ళ ఇంట్లో మగ్గం ఆడనివ్వమనీ చెప్పాడు. జన్నల్ అంటే కిటికీ. మేమూ ఆ మాటే వాడేవాళ్ళం, వస్తువు లేకపోయినా.

"ఊరికే ఉన్న సాలెవానికి కోతిని అంటగట్టినట్టు మనకీ జన్నల్ని అంటగట్నారు" అన్నాడు మా నాయన ఆయన వెళ్ళగానే.

వేసవిలో కూలీలు వచ్చి వెనక ఆక్రమించిన గోడలు పడగొట్టారు. మా వంటిల్లు సగానికి తగ్గింది. తగ్గిన వంటింటి పక్కగా నా మగ్గానికి ఎదురుగా ఉన్న గోడలో ఒకటిన్నర మూర వెడల్పు, రెండు మూరల ఎత్తు రంధ్రం పెట్టి, రెండు కట్టె ఊచలు నిలిపి పోయారు. మొదటిరోజు మధ్యాహ్నం కౌండిన్యానది ఇసుక మీదుగా వచ్చిన వడగాలి తిన్నగా నా మగ్గం మీదికే వచ్చింది. నేను నాడె, అంటే అడ్డనూలు కండెను ఇటూ అటూ మోసేది, ఆడిస్తున్నాను. ఒక పోగు తెగింది. ముడివేశాను. రెండు తెగాయి. సాయంత్రానికి నా వేళ్ళు నొప్పి పెట్టాయి, మూరెడు బట్ట కూడా దిగలేదు. ఆ పూట నాకు తిండి సహించలేదు. ఇల్లు గడవదు, షావుకారు నూలు ఇవ్వడు, వీధిలో పడతామని ఒకటే గుబులు.

అప్పుడు నాకు తెలివి పుట్టింది.

కిటికీ కొలతకు సరిగ్గా వెదురు చట్రం ఒకటి కట్టాను. దానికి రెండువైపులా తడిక అల్లి, మట్టి, పేడ, తరిగిన గడ్డి కలిపి మెత్తాను. ఆరాక సున్నం పూశాను. అంచుల చుట్టూ నా భార్య పాత చీర పేలికలు చుట్టాను, గాలి ఈల కూడా వేయకుండా. లోపలివైపు రెండు తాడు చెవులు. పెడితే గోడ, లాగితే జన్నల్. వీధి మొదట్లో ఇన్‌స్పెక్టరు సైకిలు గంట వినపడగానే ఊడబెరికి మంచం కిందికి తోసేవాణ్ణి. ఆయన తొంగిచూసి, పుస్తకంలో గుర్తు పెట్టుకుని, నా భుజం తట్టి పోయేవాడు. దొరకలేదన్న సంతోషానికి ఆరోజు రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి.

వారం తిరక్కుండా వీధికంతా తెలిసిపోయింది. "మాకూ ఒకటి చేసియ్యప్పా" అని ఒకరి తరువాత ఒకరు వచ్చారు. పదకొండు ఇళ్ళకు చేసిచ్చాను. ఆకూవక్కా పెట్టి పిలిచేవాళ్ళు. దానికి జన్నల్ మూత, అంటే కిటికీ మూత, అని పేరు వచ్చింది. అంతకుముందు నన్ను ఎవరూ దేనికీ మెచ్చుకోలేదు. పెద్దవాళ్ళు సైతం తిన్నె మీద జరిగి నాకు చోటిచ్చారు. అబద్ధమెందుకు, ఆ నెల రోజులు నేను నేలమీద నడవలేదు.

నా భార్య ఒక్కతే మెచ్చుకోలేదు. ఆమెది పరదరామి అనే పల్లె. అక్కడ వాళ్ళ నాయన ముతక దుప్పట్లు నేసేవాడు, పొలాల పక్కన పంచలో మగ్గం, మూడువైపులా గాలే. ముతక నూలు గాలికి భయపడదు. అట్లా పెరిగిన పిల్ల మా ఇంటికి వచ్చి అయిదేళ్ళైంది. పిల్లలు లేరు. మూతను మొదటిసారి పెట్టినప్పుడు పేలికలు తడిమి చూసి, "నా సీరేనా?" అని మాత్రం అడిగింది.

"పాతదే గదమే."

"పాతదేలే" అని నాడెలోకి కండెలు చుట్టడానికి రాట్నం దగ్గరికి పోయింది.

మా ఇంట్లో ఒక వాడుక ఉండేది. మధ్యాహ్నం తిండి కాగానే మా నాయన తిన్నె మీద కునుకు తీసేవాడు. నేను రంగులవాళ్ళ ఇంటికో, నూలు కోసం బజారుకో పోయి చల్లబడే వేళకు తిరిగివచ్చి మగ్గంలో కూర్చునేవాణ్ణి. విచిత్రం ఏమిటంటే, పొద్దున ఒక్క పోగు తెగని పడుగు సాయంత్రం నేను కూర్చోగానే తెగడం మొదలుపెట్టేది. మూత బిగించే ఉంది. గోడకు చెయ్యి పెట్టి చూస్తే గాలి లేదు. ఇంకేముంది, తప్పంతా ఆమె మీద పెట్టాను.

"గంజి పలచన చేసినావా? కండె వదులుగా చుట్టినావా? యాడుండాది నీ బుద్ధి?"

ఆమె వచ్చి పక్కన కూర్చుని తెగిన కొసలు వెతికి పట్టుకునేది. "ముడేస్తాలే" అనేది. రోజూ అదే మాట. వేళ్ళు తడిచేసుకుని కంటికి కనపడనంత సన్నగా ముడివేసేది. ఐనా షావుకారు వేలు ఊరుకోదు కదా. ఆ పడుగులో దిగిన లుంగీ బట్ట ఒకటి ముడులు ఎక్కువని వాపసు వచ్చింది. నేను దాన్ని ఆమె ముందు పడేసి, నీ చేతి చలవ చూసుకో అన్నాను. ఆమె దాన్ని కత్తిరించి దుప్పటిగా కుట్టుకుంది.

కార్తీకం వానలప్పుడు ఆమె దగ్గు బయటపడింది. బయటపడింది అంటున్నాను, మొదలైంది అనడం లేదు. పక్కింటి పడుగు వీధిలో సాచి ఉంది, తను కుంచె పట్టుకుని నడుస్తోంది. ఉన్నట్టుండి ముఖం పక్కకు తిప్పుకుని దగ్గింది. ఒకసారి కాదు, వంగిపోయి దగ్గింది. పడుగు పక్కన ఉన్నవాళ్ళ చేతులన్నీ ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ కదిలాయి.  మా అమ్మ దగ్గినప్పుడు కూడా చేతులు అట్లాగే ఆగేవి.

"నూలు దుమ్ము" అన్నాను నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు.

దగ్గు ఉన్న ఇంటిని మా వీధి వెలివేయదు. ఒక మాట కూడా అనదు. కాని ఆ ఇంటి పడుగు సాచినరోజు ఒకరికి ఊళ్ళో పని ఉంటుంది, ఇంకొకరికి కాలు బెణుకుతుంది. నాలుగిళ్ళ చేతులు రావు. చేతులు రాకపోతే మగ్గం లేదు. అందుకని దగ్గును దాచడం మాకు గుట్టుగా బతకడంలో ఒక భాగం. కాట్పాడిలో మా చిన్నమ్మను చూసివస్తామని వీధిలో చెప్పి, ఆమెను పొద్దున రైలుకు వేలూరు తీసుకుపోయాను. కాట్పాడిలో దిగి జట్కా కట్టించుకున్నాం. పాలారు వంతెన మీద గాలి వీస్తుంటే ఆమె ముసుగు తీసేసి ముఖం గాలికి పెట్టింది. "కప్పుకోమే, చలి" అన్నాను. కప్పుకోలేదు.

ఆసుపత్రిలో దొరసానమ్మ డాక్టరు. అరవం పుస్తకంలో నుంచి చదువుతున్నట్టు నిదానంగా మాట్లాడేది. నా భార్య ఛాతీ మీద, వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఊపిరితిత్తి చెడింది గాని ఇంకా చెయ్యి దాటలేదన్నది. దీనికి మందు కంటే గాలి, వెలుతురు, తిండి ముఖ్యం అన్నది. తరువాత నా వైపు తిరిగి అడిగింది.

"వీట్టిల జన్నల్ ఇరుక్కా?"

ఇంట్లో కిటికీ ఉందా అని. ప్రపంచంలో ఎన్ని ప్రశ్నలు లేవు? ఆమె అదే అడిగింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు నాకు చెమట పట్టింది. మునిసిపాలిటీవాళ్ళు ఈమెతో ఏమైనా చెప్పారా, లేదంటే మగ్గం ఆపేస్తారా, ఉందంటే చూడ్డానికి వస్తారా, ఇట్లా నా బుర్ర రాట్నంలా తిరిగింది. నా భార్య నోరు తెరవకముందే నేను తెరిచాను.

"ఇరుక్కు" అన్నాను. ఉంది.

ఎంత ఉంటుందని అడిగింది. రెండు చేతులూ చాపి కొలత చూపించాను. పదకొండు ఇళ్ళకు కొలిచిన చేతులవి, వెంట్రుకవాసి తేడా రాదు. డాక్టరమ్మ ముఖం విప్పారింది. అయితే మీరు అదృష్టవంతులు అన్నది. ఇక్కడ తెరిచిన వరండాలో నాలుగే మంచాలున్నాయి, ఒకటి ఇవాళే ఖాళీ అయింది, అది ఇంట్లో గాలి లేనివాళ్ళకు ఇస్తాం. మీరు ఇంట్లోనే కిటికీ కింద మంచం వేసి, పగలూ రాత్రీ తెరిచిపెట్టి, మూడు నెలల తరువాత తీసుకురండి. ఇదీ ఆమె చెప్పింది. నా భార్య తల వంచుకుని విన్నది.  వరండాలో ఉంచుతారేమోనన్న భయం తప్పి ఊరుకుందనే అనుకున్నాను.

ఆ మంచం ఎవరికి పోయిందో నాకు తెలియదు. ఆ మనిషి బాగుపడే ఉంటుందని మాత్రం అనుకుంటూ ఉంటాను. అట్లా అనుకోకపోతే నాకు మనసు నిలవదు.

ఇంటికి వచ్చాక కిటికీ కింద మంచమైతే వేశాను. మూత తీసి ఒక పొద్దంతా ఉంచాను. మార్గశిరం చలిగాలి. ఆమె దగ్గింది. దగ్గగానే నాకు భయం వేసింది. చలిగాలి తగిలితే దగ్గు ఎక్కువవుతుందని పుట్టినప్పటి నుంచి విన్నవాణ్ణి. దొరసానమ్మది మంచుదేశం, మన చలిగాలి సంగతి ఆమెకేం తెలుసు అనుకున్నాను. మగ్గం మీద పండగకు ఇవ్వాల్సిన పడుగు ఉంది, అదీ నిజమే. రెండు కారణాలూ కలిసివచ్చాయి. మూత పెట్టేశాను. డాక్టరు మాట పూర్తిగా తీసేయలేదని చెప్పుకోవడానికి పొద్దున పళ్ళు తోముకునేంతసేపు తీసి, మళ్ళీ పెట్టేవాణ్ణి.

ఆమెను వదిలి బయటికి పోవడానికి మనసు ఒప్పలేదు. రంగులవాళ్ళ ఇంటికి, బజారుకు మా నాయనను పంపడం మొదలుపెట్టాను. ముసలివాడు సణుగుతూనే పోయేవాడు. నేను గది కదలలేదు. నాడె ఆడిస్తూ ప్రతి దగ్గుకూ తల తిప్పి చూసేవాణ్ణి. కంటికి రెప్పలా చూసుకున్నానని ఎవరైనా ఒప్పుకుంటారు.

మొదట్లో ఆమె రెండుసార్లు అడిగింది.

"మూత కొంచేపు తీయరాదా? ఆయాసంగా ఉండాది."

"సలిగాలికి ఇంకా పట్టేస్తాదిమే. తగ్గినాక తీస్తా."

మూడోసారి అడగలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. ఆ మూత అంచున తన చీర పేలిక ఒకటి వేలాడుతూ ఉండేది. దాన్ని వేలికి చుట్టుకుని, విప్పుకుని, అట్లా గంటలు గడిపేది.

ఆ మూడు నెలలు నా మగ్గం ఎన్నడూ లేనంత బాగా ఆడింది. పోగు తెగలేదు. పొద్దుననుంచి సాయంత్రం దాకా ఒక్క ముడి లేకుండా మూరలకు మూరలు దిగాయి. షావుకారు వేలితో తడిమి, మళ్ళీ తడిమి, "ఇదిరా నేత అంటే" అన్నాడు. కండెలు ఇప్పుడు నేనే చుట్టుకుంటున్నాను కదా, అదే కారణం అనుకున్నాను. పాపిష్ఠి మనసు, ఆ మాట ఇంటికి వచ్చి ఆమెతో అన్నాను కూడా. "నా చేతి కండె తెగలేదు సూడు." ఆమె నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వుకు అర్థం అప్పుడు నాకు తెలియలేదు.

మరోపక్క మనిషి కరిగిపోతోంది. గాజులు మోచేతి దాకా జారేవి. సాయంత్రమైతే ఒళ్ళు కాలేది. ఒకరోజు, దగ్గినప్పుడు నోటికి అడ్డం పెట్టుకునే పేలికలో ఎర్రటి మరక చూశాను. చూడనట్టు ఉతకడానికి వేశాను. ఎందుకు తగ్గడం లేదు, ఎందుకు తగ్గడం లేదని నాలో నేను గొణుక్కునేవాణ్ణి. గంజి తాగిస్తున్నాను, పాలు తెస్తున్నాను, చలి తగలనివ్వడం లేదు, కళ్ళముందే పెట్టుకున్నాను. ఇంకేం చేయాలి? ఆ ప్రశ్నకు జవాబు నా ఎదురుగోడకే బిగించి ఉంది. సున్నం పూసి గోడలో కలిపేశాను కదా, నాకే కనపడలేదు.

ఫాల్గుణంలో మళ్ళీ వేలూరు పోయాం. ఈసారి వీధికి ఏ అబద్ధమూ చెప్పలేదు, చెప్పినా నమ్మేవాళ్ళు లేరు. డాక్టరమ్మ గొట్టం పెట్టి విన్నది. పాత కాగితం తీసి చూసింది. ఇంత కిటికీ ఉన్న ఇంట్లో ఇంత త్వరగా ముదరకూడదే అన్నది. తనలో తాను అనుకుంటున్నట్టు, తప్పు తనదేమోనన్నట్టు అన్నది. కాగితం మీద నా చేతులు చూపించిన కొలత రాసి ఉంది.

 అరవమో తెలుగో, ఏది నోటికి వస్తే అది మాట్లాడాను. కిటికీ ఉంది గాని మూత వేశానమ్మా, నేనే చేశాను, గాలికి పోగులు తెగుతాయని, ఇన్‌స్పెక్టరు వస్తే తీసేవాణ్ణి, మీరు అడిగినప్పుడు ఉందన్నాను, మా ఇంట్లోకి గాలి ఒక్కరోజూ రాలేదమ్మా, ఇట్లా ఏడుస్తూ చెప్పాను. డాక్టరమ్మ నన్ను కసురుతుందనుకున్నాను. ఆమె నా భార్య వైపు చూసింది.

నా భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊపిరి కూడదీసుకుని మెల్లగా అన్నది.

"రాకేమి, వచ్చింది. వానలకు ముందే, ఆడినెలలోనే నాకు ఆయాసం పట్టింది. నువ్వు మద్యాన్నం బజారుకు పోతానే మూత తీస్తాంటిని. జన్నల్ కాడ మొగం పెట్టుకుని కూచుంటాంటిని. నువ్వొచ్చే యాళకు మళ్ళా పెట్టేస్తాంటిని."

నాకు వెంటనే అర్థం కాలేదు. తరువాత ఒక్కసారిగా అర్థమైంది. ఆ గాలికి ఎండి సాయంత్రాలు తెగిన పోగులు. పలచన గంజి అని నేను తిట్టిన తిట్లు.

"మొదట్సారి ఈయమ్మ అడిగినప్పుడు నువ్వు ఉండాది అంటివి. రోజూ తీసుకుంటానే ఉండా గదా, అట్లే ఇంటికాడనే బాగైపోతాననుకుంటి" అన్నది.  "ఆపైన నువ్వు ఇల్లు కదల్లే గదా. నేనేం సేతును."

ఇందులో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నిష్ఠూరమాడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

"నాతో ఎందుకు సెప్పలేదుమే?" అన్నాను.

"సెప్తే నీకు దిగులు. పోగు తెగితే ముడేస్తా. నీ దిగుల్ని యాడని ముడేసేది?"

ఆరోజే వరండాలో మంచం ఇచ్చారు. నేను రెండురోజులు ఉండి ఊరికి వచ్చాను. వచ్చీ రాగానే మూత లాగి వీధిలో పడేసి కాలితో తొక్కాను. ఊచలు పీకి, గడ్డపారతో కిటికీని ఇంకో మూర పెద్దది చేశాను. మా నాయన గుమ్మంలో నిలబడి చూశాడు. తిడతాడనుకున్నాను. మట్టి అంతా తనే ఎత్తి బయట పోసి వచ్చి, "మీ అమ్మకు కూడా ఇట్లా ఒకటి ఉంటే" అన్నాడు. సాయంత్రం వడగాలికి నా మగ్గం మీద పోగులు తెగుతుంటే పక్కన కూర్చుని కొసలు వెతికాడు. కళ్ళు సరిగా ఆనేవి కావు, అయినా కూర్చున్నాడు.

తరువాత పదకొండు ఇళ్ళకూ తిరిగాను. చేసిచ్చినవాణ్ణి నేనే, తీసేయమని అడుక్కున్నదీ నేనే. నలుగురు తీశారు. మిగిలినవాళ్ళు నవ్వారు. ఒకాయన, "నీ పెండ్లానికి జబ్బైతే మా పోగులెందుకు తెగాలప్పా?" అన్నాడు. ఆయనను తప్పుపట్టలేను, నిరుడు ఆ మాట నేనే అనేవాణ్ణి. ఇన్‌స్పెక్టరుకు చెప్పేద్దామని ఆయన సైకిలు వెనక వీధి చివరి దాకా పరుగెత్తాను. చెబితే ఆ ఇళ్ళ మగ్గాలు ఆగిపోతాయని వెనకాడి నిలబడితే ఆయన, "మీ జన్నల్ పెద్దది చేశారే, చాలా సంతోషం" అని పోయాడు.

వారానికి ఒకసారి వేలూరు పోయేవాణ్ణి. వరండా ముందు వేపచెట్లు, గాలే గాలి. మొదటి రెండు నెలలు ఒళ్ళు కాలడం తగ్గింది, కాస్త ముఖం తేరింది, నాతో పరాచికాలు ఆడింది. "ఇప్పుడు పోగులు తెగతా ఉండాయా?" అని అడిగేది. తెగుతున్నాయంటే, "తెగనీ" అనేది. నాకు ఆశ పుట్టింది. ఆశ పుట్టగానే భయం కూడా పుట్టింది. జట్కా వంతెన ఎక్కిన ప్రతిసారీ అవతల ఏం వినాలో అని తోలేవాణ్ణి నిదానంగా పోనిమ్మనేవాణ్ణి.

ఆషాఢం వచ్చింది, మా వైపు ఆడినెల అంటాం. ఆడిగాలికి రోలు కూడా కదులుతుందంటారు మా వైపు. ఆ గాలిలోనే, వరండాలో, దుప్పటి రెపరెపలాడుతుంటే ఆమె పోయింది. నేను పక్కనే ఉన్నాను. ఆమెకు చివర్లో ఊపిరి అందలేదు. చుట్టూ అంత గాలి ఉంది.

ఆమె కప్పుకున్న దుప్పటి ఇంటికి తెచ్చాను. షావుకారు వాపసు పంపిన లుంగీ బట్ట, ఆమె కుట్టుకున్నది. ఉతికి మడిచి పెట్టెలో పెట్టాను. ఇన్నేళ్ళైనా అది పోలేదు, మెత్తబడింది అంతే. ముడులు లేకుండా నేసిన ఆ మూడు నెలల బట్ట మాత్రం ఎవరెవరి ఒంటిమీదో చిరిగిపోయి ఉంటుంది. అంత మంచి నేత మళ్ళీ నా చేతికి రాలేదు.

ఒక్కోనాడు దుప్పటి తీసి షావుకారులాగా వేలితో తడుముతాను. ఇప్పుడు నా చూపు కూడా మా నాయన చూపులాగే అయింది గాని వేలికి ముడి తెలుస్తుంది. ఇక్కడ ఒకటి, జానెడు దూరంలో ఇంకొకటి, ఒకచోట మూడు వరసగా. ఆ మూడూ ఉన్నచోట నేను బజారు నుంచి బాగా ఆలస్యంగా వచ్చి ఉంటాను. ఆ మధ్యాహ్నం ఆమె చాలాసేపు గాలి పీల్చుకుని ఉంటుంది.